ఒకే గంటకు రెండు పాఠములు



నేడు నేను మీకు మనవి చేయదలచిన విషయము కళాశాలలోని టైంటేబిలును గూర్చినది. ఇది పిల్లల సంగతి గదా, మాకేల యని మీరు శంకింపవచ్చును. మీ మనుమడో మనుమరాలో కళాశాలలో చేరి, కోరిన విద్య దొరకక, దొరకిన విద్యపై మనసు పోక, ఇంటికి వచ్చి మూల గూర్చుండిన నాడు అది మీ సంగతియే యగును. కావున కొంతసేపు చెవి యొగ్గి వినుడని ప్రార్థించుచున్నాను.

మాది పార్వతీపురము. నేను ముప్పది యేండ్లకు పైగా గణితము బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. గడచిన శీతకాలమున నొకనాటి యుదయమున, గుమ్మలక్ష్మీపురము దాపున కొండ దిగువనున్న యొక జాతాపు గ్రామమునుండి నా చిరకాల మిత్రుడొకడు మనుమరాలిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ బాలిక వారి వంశమున డిగ్రీ చదువునకు వచ్చిన మొదటి బిడ్డ. ప్రధాన విషయముగా వృక్షశాస్త్రమును గైకొని మొదటి సెమిస్టరు ముగించినది. రెండవ సెమిస్టరున దానికి తోడుగా ఉపవిషయ మొకటి కోరుకొనవలసి యుండెను. ఆమె అర్థశాస్త్రమును గోరినది. ఏల అమ్మా యని నేనడిగితిని. “మా తాత పసుపును, జీడిపిక్కలను సంతకు దింపినప్పుడు ధర యెవరు కట్టుచున్నారో, ఎట్లు కట్టుచున్నారో నాకు తెలియవలెను, తాతగారూ” అని ఆమె బదులు చెప్పినది. ఇంతకంటె మంచి కారణమును నేను నా యుద్యోగ కాలమంతటను వినియుండలేదు.

కాని చిక్కు వచ్చినది. అర్థశాస్త్రపు పాఠము ఏ మధ్యాహ్నము జరుగునో, ఆ మధ్యాహ్నమే వృక్షశాస్త్రపు ప్రయోగశాల జరుగుచున్నది. “రెండును కుదరవు, వేరొకటి వ్రాసి యిమ్ము” అని కళాశాలలో చెప్పిరట. వ్రాసి యిచ్చుటకు గడువు మూడు దినములు మాత్రమే మిగిలియున్నది. నా మిత్రుడు తలపాగ విప్పి యొడిలో బెట్టుకొని యిట్లనెను: “మాస్టారు బాబూ, ఒక మనిషి రెండు చోట్ల నుండలేడని కొండమీది వారమైనను మాకు తెలియును. కాని ఆ రెండింటిని ఒక్క వేళకే పెట్టిన వారెవరు? దేవుడా, దొరతనమా?”

ఆ ప్రశ్న చిన్నది కాదు. దానికి సమాధానము చెప్పవలెనన్నచో ఇన్నూరేండ్ల చరిత్ర చెప్పవలసి వచ్చినది. ఆనాడు నా మిత్రునకు చెప్పిన దానినే నేడు మీకును విన్నవించుచున్నాను.

మన తాతముత్తాతల వీథిబడిలో ఇట్టి వేళల తగవు లేదు. 1822వ సంవత్సరమున చెన్నపట్టణపు గవర్నరైన సర్ తామస్ మన్రో తన రాజధాని యందలి బడుల లెక్కను పంపుడని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. ఆ లెక్కలు చేరిన పిమ్మట 1826లో నతడు వ్రాసిన పత్రమునందు 12,498 బడులును, వానిలో 1,88,650 మంది విద్యార్థులును గలరని యున్నది. బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక ఆ బడుల దినచర్యను కండ్లకు గట్టినట్లు చెప్పును. ఉదయమున ఆరు గంటలకు బడి తెరచెడివారు. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాసి గౌరవించెడివారు. రెండవవాని చేతిలో సున్న చుట్టెడివారు. మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాలుగవవానికి రెండు దెబ్బలు. ఆలస్యమైన కొలదియు దెబ్బలు పెరుగును. మీలో కొందరికి మీ తాతగారలు చెప్పిన బడి కథలు ఇప్పుడు జ్ఞప్తికి వచ్చియుండును.

ఆ బడిలో గురువొక్కడే. తెలివిగల పెద్దపిల్లలు చిన్నవారికి చెప్పుచుందురు. ఎవని పాఠము వానిది, ఎవని నడక వానిది. ఓనమాలు, గుణింతము, ఎక్కములు, పద్యములు, లెక్కలు. అందరికి నదే త్రోవ. ఏరుకొనుటకు రెండు లేనిచోట ఆ రెండింటికి తగవెట్లు పుట్టును? కాని ఆ శాంతికి మనము మురిసిపోరాదు. మన్రో లెక్కలోని 1,88,650 మందిలో ఆడపిల్లలు 4,540 మంది మాత్రమే. నా మిత్రుని మనుమరాలి వంటి కొండపిల్లకు ఆనాడు పాఠముల వేళ కలియుట, కలియకపోవుట యను ప్రశ్నయే లేదు. బడిగుమ్మమే ఆమెకు దూరము.

పిదప 1857లో కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములందు విశ్వవిద్యాలయములు వెలసినవి. ఇవి లండను విశ్వవిద్యాలయమును జూచి కట్టినవి. వీని పని పరీక్ష పెట్టుట, పట్టము నిచ్చుట మాత్రమే. పాఠము చెప్పుట ఆయా కళాశాలల పని. మన ప్రాంతమున విజయనగరమునందు 1857లో బడిగా పుట్టిన సంస్థ 1879లో మహారాజావారి కళాశాల యైనది. ఏమి చదువవలెనో చెన్నపట్టణము నిర్ణయించును. ఏ గంటకు చదువవలెనో కళాశాల నిర్ణయించును. విద్యార్థి నిర్ణయించుటకు మిగిలినది మిక్కిలి స్వల్పము. పరీక్షకు మాత్రము రాజధాని యంతటను ఒకే దినము, ఒకే గంట. ఈ విధముగా గడియారము మన విద్యకు యజమాని యైనది.

గడియారమునకు లొంగలేని వారు కొందరుండిరి. ఉద్యోగము చేయుచు చదువవలసిన వారు అట్టివారు. బడిలో పాఠము చెప్పవలసిన గంటయు, కళాశాలలో పాఠము వినవలసిన గంటయు ఒక్కటే యైనప్పుడు వారేమి చేయగలరు? మన పొరుగుననున్న పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులై యుండియే ప్రైవేటుగా చదివి బి. ఏ. పరీక్షలో నుత్తీర్ణులైరి. కళాశాలకు రానక్కరలేదు, పరీక్ష వ్రాసిన చాలును అనునది వారికి దొరకిన వెసులుబాటు. వేళల తగవునకు మన దేశమున దొరకిన మొదటి మందు ఇదియే యని నేను తలచెదను. చదువును గంటనుండి విడదీయుట దీని కిటుకు.

ఆ పంతులుగారే సవరల భాషను వారి నోటనుండి నేర్చి, సవర పిల్లలకై బడులు పెట్టించిరి. వారు సవర భాషకు వ్రాసిన వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. తాము చదువుకొనుటకు పడిన శ్రమ వలననే కాబోలు, విద్యయే విద్యార్థి యున్న చోటికి కదలి పోవలెనను తలంపు వారికి గలిగినది. ఈ మాటను జ్ఞాపకము పెట్టుకొనుడు. మరల దీని యొద్దకు వత్తము.

ఇక విద్యార్థికి ఏరుకొను స్వేచ్ఛ యెట్లు వచ్చినదో చెప్పెదను. అమెరికా దేశమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు 1869లో చార్లెస్ ఎలియట్ అనునాయన అధ్యక్షుడయ్యెను. 1909 వరకును, అనగా నలువది యేండ్లు, ఆయన ఆ పదవిలో నుండెను. అందరికి నొకే పాఠ్యక్రమము తగదనియు, పెరిగిన విద్యార్థి తనకు కావలసిన విషయములను తానే ఏరుకొనవలెననియు ఆయన సిద్ధాంతము. ఆయన కాలమున నిర్బంధ విషయములు ఒక్కటొక్కటిగా తొలగినవి. అంత విచ్చలవిడియు మంచిది కాదని ఆయన తరువాత వచ్చిన లోవెల్ అధ్యక్షుడు, ఒక ప్రధాన విషయమును లోతుగాను, తక్కినవానిని తగుమాత్రముగాను చదువవలెనని కట్టుదిట్టము చేసెను. నేడు మన పిల్లలు చెప్పెడి ప్రధాన విషయము, ఉపవిషయము అను మాటలకు ఈ ఆలోచనయే పూర్వరంగము.

ఇచ్చట నొక లెక్క చెప్పక తప్పదు. నేను లెక్కల మాస్టరును గదా, మన్నింపుడు. ఒక కళాశాలలో 10 విషయములు బోధించుచున్నారనుకొనుడు. ప్రతి విద్యార్థియు తన యిష్టము వచ్చినట్లు మూడింటిని ఏరుకొనవచ్చునన్నచో, అట్లు ఏరుకొనుటకు 120 విధములు గలవు. వారమునకు 6 దినములు, దినమునకు 6 గంటలు, వెరసి 36 గంటలు. ఒక్కొక్క విషయమునకు వారమున 6 గంటల బోధన కావలెనన్నచో పది విషయములకు 60 గంటలు కావలెను. కుంచెడు కొలతలో రెండు కుంచముల ధాన్యము పట్టునా? కావున కొన్ని విషయములు ఒకే గంటలో ప్రక్కప్రక్క గదులలో జరుగక తప్పదు. ఏ రెండు అట్లు జరుగునో, ఆ రెండింటిని గోరిన విద్యార్థికి తగవు పుట్టును. ఇందు దేవుని పని లేదు. ఒక మాస్టరు కాగితముపై గీతలు గీసి గడులు నింపుటయే యున్నది.

మాఘమాసమున ఒక మంచి ముహూర్తమునకు ఊరిలో నాలుగు పెండ్లిండ్లు పడినచో ఏమగునో మీకు తెలియును. పురోహితుడొక్కడు. బంధువులకు రెండిండ్ల పిలుపు. ఒక యింటికి పోయినచో రెండవ యింటివారికి కోపము. దీనికి మార్గములు మూడే. ముహూర్తమును మార్చుట, రెండవ పురోహితుని పిలిపించుట, లేదా ఒక పెండ్లిని మానుకొనుట. కళాశాలయందును ఇంతే. గంటను మార్చవలెను, లేదా ఆ పాఠమునే మరియొక గంటలో రెండవసారి చెప్పించవలెను, లేదా విద్యార్థి ఒక కోరికను విడువవలెను. రెండవసారి చెప్పించుటకు గురువు కావలెను, గది కావలెను, జీతము కావలెను. కావుననే పెద్ద నగరపు కళాశాలలో తీరు తగవు, విషయమునకు ఒక్క అధ్యాపకుడే యుండు చిన్న కళాశాలలో తీరదు. వేళల తగవు పైకి గడియారపు తగవు. లోపల అది ధనపు తగవు.

మన దేశపు విశ్వవిద్యాలయములు ఈ చిక్కును వేరొక తెలివితో తప్పించుకొన్నవి. 120 విధములను ఏరుకొననిచ్చుటకు మారుగా, మూడేసి విషయములను ముందే కట్ట గట్టి, నాలుగైదు కట్టలు చేసి, వానిలో నొకదానిని తీసికొమ్మనిరి. వీనినే గ్రూపు లనిరి. సంతలో కూరలను కుప్పలు పోసి, కుప్పలో ఒక్క వంకాయను ఏరుకొననీయని వర్తకుని పద్ధతియే యిది. గణిత, భౌతిక, రసాయన శాస్త్రములొక కుప్ప. జీవ, భౌతిక, రసాయన శాస్త్రములొక కుప్ప. చరిత్ర, అర్థశాస్త్ర, పౌరశాస్త్రములొక కుప్ప. ఎం. పి. సి., బై. పి. సి., హెచ్. ఇ. సి. యను పేర్లు నేటికిని పల్లెలలో ముసలమ్మలకును తెలిసినవే. గ్రూపులున్నచోట టైంటేబిలు వేయుట సులభము. తగవును పుట్టనీయదు.

కాని దాని వెల యెవరు చెల్లించిరి? నా కథయే చెప్పెదను. 1970 దశకమున నేను ఇంటర్మీడియేటులో చేరునాటికి నాకు గణితమన్నను ప్రీతి, చరిత్రయన్నను ప్రీతి. రెండింటిని గలిపి చదువుదునని చేరిన కళాశాలలో అడిగితిని. “అట్టి గ్రూపు లేదు, అబ్బాయీ” అని ఒక్క మాటతో పంపివేసిరి. ఎవరును నన్ను నిందింపలేదు. నేనును ఎవరిని నిందింపలేదు. చరిత్రను అటుపిమ్మట గ్రంథాలయమున, రాత్రులందు, గురువు లేకయే చదువుకొంటిని. వేళల తగవు నా కంట పడనేలేదు. ఏలయనగా నేను గుమ్మము త్రొక్కక ముందే ఎవరో ఆ తగవును తీర్చి, తీర్పులో నా కోరికను కొట్టివేసియుండిరి. ఇది నాకు అరువది యేండ్లు వచ్చిన పిమ్మట గాని బోధపడలేదు.

కాలము వలెనే దూరమును తగవు పెట్టునదే. పట్టమునకై చెన్నపట్టణము వైపు చూచుట తప్పవలెనని ఆంధ్రులు కోరగా 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరునకు చేరినది. మొదటి ఉపాధ్యక్షులు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1931 మొదలు 1936 వరకు సర్వేపల్లి రాధాకృష్ణగారు ఆ పదవి నిర్వహించిరి. మన కొండలకావలి జయపురపు మహారాజు విక్రమదేవ వర్మగారు ఆ పరిషత్తునకు ఏటేటా లక్ష రూపాయల దానము నేర్పాటు చేసిరి. 1931లోనే రాయపూరు నుండి విజయనగరమునకు, పార్వతీపురము మీదుగా, రైలుమార్గము పూర్తియైనది. విద్యయు, దాని దారియు ఒకే కాలమున మనకు చేరువైనవి.

అయినను కొండపై నివసించువారికి వాల్తేరు దూరమే. ఆ దూరమును తగ్గించుటకు 1972లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు తపాలా ద్వారమున పాఠములు పంపు శాఖను తెరచినది. 1982లో హైదరాబాదునందు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపితమైనది. భారతదేశమున అట్టివానిలో నదియే మొదటిది. అదియే తరువాత డాక్టర్ అంబేద్కరుగారి పేరు దాల్చినది. 2017లో కేంద్రప్రభుత్వము స్వయం అను పేర ఇంటర్నెట్టు పాఠశాలను తెరచినది. వీనియన్నింటి మూలసూత్రము గిడుగువారి కాలమున జూచినదే: పాఠమును గంటనుండియు, గదినుండియు విడదీయుట. 2019లో విజయనగరమున కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము మొదలైనది. 2022 ఏప్రిల్ 4వ తేదీన పార్వతీపురము మన్యము జిల్లాకు ముఖ్యపట్టణమైనది. విద్యయే విద్యార్థి యొద్దకు కదలవలెనను మాట మెల్లమెల్లగా నెరవేరుచున్నది.

ఇక నేటి సంగతి. 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము ఎంపికతో గూడిన క్రెడిట్ల పద్ధతిని ప్రవేశపెట్టినది. క్రెడిట్టు అనగా వారమున ఇన్ని గంటల చదువునకు ఇంత అని కట్టిన తూకము. తూకము తెలిసిన సరకును ఏ కుప్పలోనిదైనను ఏరుకొని త్రాసులో వేయవచ్చును గదా. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ స్వేచ్ఛను మరింత పెంచినది. మన రాష్ట్రమున 2023-24 విద్యాసంవత్సరము మొదలు డిగ్రీలో మూడు విషయముల గ్రూపులకు మారుగా ఒక ప్రధాన విషయము, ఒక ఉపవిషయము అను పద్ధతి వచ్చినది. కుప్పలు విడిపోయినవి. నాకు దొరకని స్వేచ్ఛ నా మిత్రుని మనుమరాలికి దొరకినది.

స్వేచ్ఛ వచ్చినది గాని వారములోని గంటలు 36 దాటి పెరుగలేదు, అధ్యాపకులును పెరుగలేదు. కావున ఇంతకాలము కుప్పల క్రింద దాగియున్న తగవు ఇప్పుడు బయటకు వచ్చినది. నేను మీకు ముఖ్యముగా చెప్పదలచిన మాట ఇదియే. వేళల తగవు క్రొత్తగా పుట్టిన రోగము కాదు. పూర్వము అది కనబడక మన కోరికలను హరించెడిది. ఇప్పుడు కనబడి మనలను ప్రశ్నించుచున్నది. కనబడిన దొంగను పట్టుకొనుట సులభము.

ప్రభుత్వమువారికిని ఈ సంగతి తెలియును. ఒక విద్యార్థి ఒకేసారి రెండు పట్టములకు చదువవచ్చునని 2022 ఏప్రిల్ మాసమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము నియమములు ప్రకటించినప్పుడు, రెండును కళాశాలకు పోయి చదువునవైనచో ఒకదాని తరగతి వేళలు రెండవదాని వేళలపై పడరాదని అందే వ్రాసియున్నది. ఎంత పెద్ద స్వేచ్ఛనైనను చివరకు గడియారమే కొలుచును.

గణితజ్ఞులును ఈ చిక్కుతో కుస్తీ పట్టిరి. 1967లో వెల్ష్, పవెల్ అను ఇద్దరు ఇట్లు చెప్పిరి. ప్రతి విషయమునకు కాగితముపై ఒక చుక్క పెట్టుడు. ఏ రెండు విషయములను ఒకే విద్యార్థి కోరునో ఆ రెండు చుక్కలను గీతతో కలుపుడు. ఇప్పుడు చుక్కలకు రంగులు వేయుడు. గీతతో కలిసిన రెండు చుక్కలకు ఒకే రంగు పడరాదు. రంగు అనగా గంట. ఎన్ని తక్కువ రంగులతో పని ముగియునో అన్ని గంటలు చాలును. మన యిండ్లలో ఆడువారు ముగ్గు చుక్కలు పెట్టి రంగులు నింపుట వంటిదే యిది. చూచుటకు సులభము, కాని 1976లో ఈవెన్, ఇటై, షమీర్ అను పండితులు టైంటేబిలు లెక్క, నేటివరకు త్వరితమైన సాధనమార్గము దొరకని కఠినపు లెక్కల జాతిలోనిదని నిరూపించిరి. యంత్రములు వచ్చినను అన్ని కోరికలకును కుదురు టైంటేబిలు ప్రతిసారి దొరకదు. కావున టైంటేబిలు వేయు మాస్టరును తిట్టకుడు. అయినను అతడు వేసినది బ్రహ్మవ్రాత యనియు తలపకుడు. పెన్సిలుతో వ్రాసినది రబ్బరుతో చెరపవచ్చును.

అట్లయిన మనమేమి చేయవలెను? నా యనుభవము కొలది చెప్పెదను. బిడ్డ విషయములను కోరుకొనుటకు ముందే రాబోవు సెమిస్టరు టైంటేబిలును అడిగి తెప్పించుకొనుడు. కోరిక వ్రాసి యిచ్చిన పిమ్మట చూచుట నాట్లు ముగిసిన తరువాత విత్తనము నడుగుట వంటిది. మొదట నిర్బంధ విషయముల గంటలను గడులలో నింపి, మిగిలిన గడులలోనే ఇష్టవిషయములను వెదకుడు. తరగతి వేళలు మాత్రమే గాక ప్రయోగశాల వేళలును, పరీక్ష తేదీలును చూడుడు. తరగతులు కలిసియు పరీక్షలు ఢీకొనుట కలదు. ఆ పాఠమునకే రెండవ జట్టు గలదేమో అడుగుడు. ఈ సెమిస్టరున కుదరనిది మరుసటి యేడు దొరకునేమో విచారింపుడు. కాని దానిపై ఆధారపడిన పైపాఠ మేదైన నున్నచో వాయిదా వేయుట నష్టము. స్వయం పాఠములను 2016 నియమముల ప్రకారము నూటికి 20 వంతుల క్రెడిట్ల వరకు లెక్కించుటకు వీలుండెడిది, 2021 నియమముల ప్రకారము 40 వంతుల వరకును లెక్కింపవచ్చును. అయితే మీ కళాశాల ముందుగా ఒప్పుకొనవలెను. ఏది అడిగినను గడువులోపల వ్రాతమూలముగా అడిగి, నకలు దగ్గర నుంచుకొనుడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒకనాడు ఒక తరగతికి, మరునాడు రెండవ తరగతికి పోయి సర్దుకొందునని బిడ్డ చెప్పినచో ఒప్పుకొనకుడు. నూటికి 75 వంతుల హాజరు అడుగుట మన కళాశాలలలో వాడుక. సగము సగము పోయినవాడు రెండింటను తప్పును.

కాగితముపై కనబడని తగవు మరియొకటి గలదు. టైంటేబిలు వేయువారు గదులను, గురువులను చూచెదరు గాని కొండకు పోవు చివరి బస్సును చూడరు. సంతనాడు ఇంటిలో మోయవలసిన బరువును, కోతల నాళ్ళను చూడరు. పట్టణపు బాలునకు ఐదు గంటలకు ముగియు ప్రయోగశాల మామూలు సంగతి. కొండబాలికకు అది రాత్రి యెచ్చట తల దాచుకొనవలెనను ప్రశ్న. ఈ మాటను కళాశాలవారికి తెలుపవలసినవారు పెద్దలే. పిల్లలు సిగ్గుపడి చెప్పరు.

నా మిత్రుని మనుమరాలి కథ ముగించెదను. ఆ మరునాడే మేము ముగ్గురము కళాశాలకు పోతిమి. టైంటేబిలును అడిగి గోడవద్ద నిలువబడి చదివితిమి. వృక్షశాస్త్రపు ప్రయోగశాలకు విద్యార్థులను రెండు జట్లుగా విభజించి యుండిరి. రెండవ జట్టుకు వేరు దినములు. ఆ సంగతి ఆమెకు ఎవరును చెప్పలేదు, ఆమెయు అడుగలేదు. రెండవ జట్టునకు మార్చుడని అర్జీ వ్రాసి యిచ్చినది. అధ్యాపకురాలు చదివి, “ఇది ముందే అడుగవలసినది గదా తల్లీ” యని సంతకము చేసినది. తగవు తీరినది గాని ఊరక తీరలేదు. రెండవ జట్టు ప్రయోగశాల ముగియునప్పటికి ఊరి బస్సు వెళ్ళిపోవును. వారమునకు రెండు రాత్రులు ఆమె పార్వతీపురమున తన పిన్ని యింట ఉండవలసి వచ్చినది. ఆ రెండు సాయంకాలములు ఇంటివద్ద పశువులను కట్టివేయు పని డెబ్బదియేండ్ల తాతపై పడినది.

తిరిగి వచ్చునప్పుడు బస్సుకొరకు నిలువబడి నా మిత్రుడిట్లనెను: “ఒక పాఠము నిలుపుటకు ఇంతమంది కదలవలసి వచ్చినది, బాబూ.” నేనేమియు పలుకలేదు. నలువదియైదు ఏండ్ల క్రిందట నా కొరకు ఎవరైన ఒక్కరు కదలియున్నచో నేను చరిత్రను గురువు నోట వినియుందును గదా యని తోచినది.

ఈ యేటి సంక్రాంతికి ఆ బాలిక మా యింటికి వచ్చినది. పసుపు ధర సంతలోనేల తగ్గినదో తన తాతకు వివరించినదట. తాత అంతయు విని, “ఇది తెలిసిన తరువాత నాకు కోపము పెరిగినది గాని ధర పెరుగలేదు” అన్నాడట. చదువు మొదట చేయు పని అదియే.

పెద్దలారా, మీ యింటి బిడ్డ ఒకనాడు దిగులుతో వచ్చి రెండు పాఠములు ఒకే గంటకు పడినవని చెప్పినచో, అది వాని తప్పు కాదు, తలవ్రాతయు కాదు. కండువా వేసికొని వెంట నడువుడు. గడువు దాటకముందే అడుగుడు.